వేట కాలానికీ క్యాట్ కాలానికీ మధ్య

మేనేజ్‌మెంట్ విద్య నేర్పే కేంద్ర సంస్థలైన ఐఐఎంలలో వెనుకబడిన వర్గాలకు చట్టం వాటా కేటాయించింది. ఆడపిల్లలకు, ఇంజినీరింగ్ చదవని పట్టభద్రులకు విద్యాసంస్థలే అదనపు మార్కులు ఇస్తున్నాయి. అయినా డొంకూరు తీరం నుంచి ఆ సీటు దాకా సాగే దారిలో కాగితాలు, గడువులు, భాష, డబ్బు ఒకదాని వెనుక ఒకటి అడ్డు తగులుతూనే ఉన్నాయి.

బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న డొంకూరు ఇసుక మీద ఆగస్టు నెలలో ఫైబర్ బోట్లు వరుసగా నిలిచి ఉంటాయి; వాటి నీడన కూర్చున్న పెద్దవాళ్లు చిరిగిన వలలకు ముళ్లు వేస్తుంటే, ఆడవాళ్లు ఉదయపు వేటలో పడిన చేపను గంపల్లో సర్దుకొని ఇచ్ఛాపురం బజారుకు బయలుదేరుతుంటారు. శ్రీకాకుళం తీరగ్రామాల్లోని మగవారిలో చాలామంది ఆ నెలలోనే బట్టల సంచులతో రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళతారు. అక్కడి బోట్లలో తండేలుగానో, అంటే బోటును నడిపించే పెద్దగానో, కలాసీగానో కుదిరినవారు మళ్లీ ఇల్లు చేరేది వేసవిలోనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలోని ఐఐఎంలన్నీ కలిసి నిర్వహించే ప్రవేశ పరీక్షకు, అంటే క్యాట్‌కు, దరఖాస్తుల స్వీకరణ సాగుతుంది. జులై ఆఖరులో ప్రకటన వెలువడి, ఆగస్టులో నమోదు మొదలై, సెప్టెంబరులో గడువు ముగుస్తుంది; నవంబరు చివర్లో ఒక ఆదివారం పరీక్ష, కొత్త సంవత్సరం మొదటి నెలల్లో ఇంటర్వ్యూలు, ఏప్రిల్, మే నెలల్లో సీట్ల కేటాయింపు, జూన్‌లో తరగతులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అమల్లో ఉంటుంది కాబట్టి, సీటు ఖాయం చేసుకోవడానికి డబ్బు కట్టవలసిన రోజులూ, మత్స్యకార కుటుంబానికి రాబడి నిలిచిపోయే రోజులూ ఒకటే అవుతున్నాయి. కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగవలసిన సమయానికి ఇంటి పెద్ద వెరావల్‌లో ఉంటాడు. వైవిధ్యం పేరుతో ఐఐఎంలు తెరిచిన తలుపు గురించి ఏటా ఈ రోజుల్లో చర్చ జరుగుతుంది గాని, ఆ తలుపు దాకా వచ్చే దారి ఎవరి జీవనక్రమానికి సరిపోయేలా వేసిందన్న ప్రశ్న మాత్రం చర్చకు రావడం తక్కువ.

వాటా ఎలా వచ్చింది

కలకత్తా, అహ్మదాబాద్‌లలో 1961లో తొలి ఐఐఎంలు ఏర్పడ్డాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు వాటిలో రిజర్వేషన్ ముందే ఉన్నా, ఇతర వెనుకబడిన వర్గాలకు సీట్లు దక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2005లో జరిగిన 93వ రాజ్యాంగ సవరణ విద్యాసంస్థల ప్రవేశాల్లో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. దాని ఆధారంగా 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల రిజర్వేషన్ చట్టం వచ్చింది. దాన్ని సవాలు చేసిన అశోక్ కుమార్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు 2008 ఏప్రిల్ 10న చట్టాన్ని సమర్థిస్తూనే, క్రీమీ లేయర్‌ను మినహాయించాలని తీర్పు చెప్పింది. వెనుకబడిన వర్గాల్లోనే ఉద్యోగ హోదాలోనూ ఆదాయంలోనూ పైకి వచ్చిన కుటుంబాలను క్రీమీ లేయర్ అంటారు. 2017 నుంచి దీనికి ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. తల్లిదండ్రుల జీతమూ వ్యవసాయ ఆదాయమూ ఈ ఆదాయపు లెక్కలోకి రావు. ఉద్యోగులైతే వారి హోదాను చూస్తారు.

ఆ తర్వాత 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో వారి వాటాను 5 శాతానికి పెంచింది. 2019లో 103వ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం చేరింది. ఆంధ్రప్రదేశ్ విభజన తర్వాత 2015లో ఏర్పడిన విశాఖపట్నం ఐఐఎం మొదటి రోజు నుంచే 2006 నాటి రిజర్వేషన్ చట్టం పరిధిలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తాత్కాలికంగా మొదలైన ఈ సంస్థకు ఆనందపురం మండలం గంభీరంలో నిర్మించిన శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఇచ్ఛాపురం నుంచి అక్కడికి జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా సాగే ఉద్దానం ప్రాంతపు పిల్లలు ఉద్యోగాల కోసం, ఆసుపత్రుల కోసం తరచూ వెళ్లివచ్చే దారే అది.

> ఐఐఎం సీట్లలో ఎవరి వాటా ఎంత
>
> ● షెడ్యూల్డు కులాలు: 15 శాతం
>
> ● షెడ్యూల్డు తెగలు: 7.5 శాతం
>
> ● క్రీమీ లేయర్ కాని ఇతర వెనుకబడిన వర్గాలు (ఓబీసీ): 27 శాతం
>
> ● ఆర్థికంగా బలహీన వర్గాలు: 10 శాతం
>
> ● దివ్యాంగులు: 5 శాతం (పై వర్గాలన్నింటిలోనూ, జనరల్ సీట్లలోనూ కలిపి)
>
> ● డిగ్రీలో కనీస మార్కులు 50 శాతం. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం. ఓబీసీలకు ఈ సడలింపు లేదు.
>
> ● వయోపరిమితి లేదు. ఎన్నిసార్లయినా పరీక్ష రాయవచ్చు.

ఒకే బుట్టలో అందరూ

ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన వర్గాలను ఏ, బీ, సీ, డీ, ఈ అనే ఐదు తరగతులుగా విడదీసి, ఒక్కొక్క తరగతికి వేరుగా సీట్లు కేటాయించారు. వాడబలిజ, జాలరి, బెస్త, గంగపుత్ర, పల్లి వంటి మత్స్యకార కులాలు బీసీ-ఏలో ఉన్నందున, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ సీటు కోసం డొంకూరు విద్యార్థి ఆ తరగతికి కేటాయించిన 7 శాతంలో, తనతో సమానమైన స్థితిగతులు ఉన్నవారితోనే పోటీ పడతాడు. అదే విద్యార్థి ఐఐఎంకు దరఖాస్తు చేసినప్పుడు ఈ విభజన కనిపించదు; కేంద్ర జాబితాలోని వేల కులాలన్నీ ఒకే 27 శాతంలో కలిసిపోతాయి. తరాలుగా భూమి, చదువు, పట్టణాల్లో ఇళ్లు ఉన్న కులాల పిల్లలూ, చేపల గంప మోసిన తల్లి కూతురూ ఒకే జాబితాలో ర్యాంకుల కోసం నిలబడతారు.

ఈ అసమానతను కేంద్రమే గుర్తించి, 2017 అక్టోబరులో విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ జి. రోహిణి అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. విశాఖపట్నంలో పుట్టి, ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఆమె నాయకత్వంలోని ఆ కమిషన్, ఓబీసీ కోటా కింద కేంద్ర ఉద్యోగాలు పొందినవారి వివరాలతో పాటు ఐఐటీలు, ఐఐఎంలు, ఎయిమ్స్ వంటి సంస్థల్లో చేరినవారి వివరాలను కూడా 2018లో పరిశీలించింది. ఓబీసీ ఉపకులాల్లో పాతిక శాతానికే 97 శాతం ఉద్యోగాలూ సీట్లూ దక్కాయనీ, 983 కులాలకు ఒక్కటంటే ఒక్కటి కూడా దక్కలేదనీ ఆ పరిశీలనలో తేలింది. కమిషన్ తన నివేదికను 2023 జులై 31న సమర్పించినా, దాని ఆధారంగా 27 శాతాన్ని విభజించే పని ఇంకా జరగలేదు. మత్స్యకారులను షెడ్యూల్డు తెగల్లో చేర్చాలని ఉత్తరాంధ్ర తీరంలో ఏళ్ల తరబడి వినిపిస్తున్న డిమాండ్ వెనుక, పేరుకు వాటా ఉన్నా చేతికి అందదన్న ఈ అనుభవం కూడా ఉంది.

ఉద్దానానికి పడమటి కొండల్లో, మందస, మెళియాపుట్టి ప్రాంతాల్లో నివసించే సవరల పరిస్థితి వేరు. ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తింపు పొందిన వీరికి ఎస్టీ వాటా వర్తిస్తుంది; అయితే ఇంట్లో సవర, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్ అన్న మూడు మెట్లను వారు ఎక్కవలసి ఉంటుంది. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని నూరేళ్ల క్రితమే పట్టుబట్టి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన గిడుగు రామమూర్తి ఈ ప్రాంతం వాడే కావడం, ఆ పని పూర్తికాకుండా మిగిలిపోయిందని గుర్తుచేస్తుంది.

కాగితం దగ్గర ఆగిపోయే సీటు

గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు జారీ చేసే సమగ్ర కుల ధ్రువపత్రం ఉద్దానంలో దాదాపు ప్రతి విద్యార్థి దగ్గరా ఉంటుంది. ఇంటర్, డిగ్రీ ప్రవేశాలకూ ఫీజు రీయింబర్స్‌మెంటుకూ అది సరిపోతుంది కాబట్టి, ఐఐఎంకూ అదే చాలునని చాలామంది అనుకోవడం సహజం. ఐఐఎంలు అడిగేది మాత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీ లేయర్‌కు చెందరని స్పష్టంగా రాసి, సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లేలా జారీ అయిన ఓబీసీ ధ్రువపత్రం. రాష్ట్ర పత్రంలో కులం పేరు పక్కన బీసీ-ఏ అని ఉంటుంది. కేంద్ర పత్రంలో ఆ తరగతి ప్రస్తావనకు బదులు, ఆ కులాన్ని కేంద్ర జాబితాలో చేర్చిన ఉత్తర్వుల ప్రస్తావన, తల్లిదండ్రుల ఆదాయ స్థితిపై నిర్ధారణ ఉంటాయి. దీనికోసం ఆదాయ వివరాలు, తండ్రి కుల పత్రం, ఒక్కోసారి తండ్రి సంతకం కూడా అవసరమవుతాయి. తండ్రి గుజరాత్‌లో ఉంటే ఆ పని నెలల తరబడి వాయిదా పడుతుంది.

పదో తరగతి మార్కుల జాబితాలోని పేరు, ఆధార్‌లోని పేరు, కుల పత్రంలోని పేరు ఒకే విధంగా ఉండాలన్న నిబంధన చిన్నదిగా కనిపించినా, ఇంటిపేరును ఒకచోట పూర్తిగానూ మరోచోట పొడి అక్షరంగానూ రాసే అలవాటున్న ఈ ప్రాంతంలో దాని వల్ల కలిగే చిక్కులు తక్కువేమీ కావు. పైగా క్యాట్ దరఖాస్తులో ఒకసారి ఎంచుకున్న వర్గాన్ని గడువు ముగిశాక మార్చుకునే వీలుండదు. పత్రం చేతికి రాలేదన్న భయంతో జనరల్ వర్గంలో దరఖాస్తు చేసిన విద్యార్థి, ఆ తర్వాత పత్రం వచ్చినా ఆ ఏడాదికి తన వాటాను వదులుకున్నట్టే.

మరికొన్ని కుటుంబాలకు సమస్య ఇంకా లోతైనది. రాష్ట్రం బీసీలుగా గుర్తించిన కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. శిష్టకరణం, సొండి వంటి కొన్ని ఉత్తరాంధ్ర కులాలను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చాలన్న డిమాండ్ పార్లమెంటు దాకా వెళ్లింది. అటువంటి ఇంటి విద్యార్థి ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు బీసీ, గంభీరం ఐఐఎంలో చేరేటప్పుడు జనరల్. బరంపురంలో చదువుకొనే ఇచ్ఛాపురం పిల్లలకు ఇంకో మెలిక ఉంది: చదువు ఒడిశాలో సాగినా, కుల పత్రం తండ్రి స్వస్థలమైన ఆంధ్రప్రదేశ్ నుంచే రావాలి.

చట్టం చెప్పని వైవిధ్యం

రిజర్వేషన్ చట్టబద్ధమైన వాటా కాగా, విద్యాసంస్థలు తమంతట తాము పాటించే వైవిధ్య విధానం మరొకటి ఉంది. చాలా ఏళ్ల పాటు ఐఐఎం తరగతి గదులు ఇంజినీరింగ్ చదివిన మగపిల్లలతోనే నిండిపోయేవి. ఒకే రకమైన చదువు, ఒకే రకమైన అనుభవం ఉన్నవారు కూర్చొని వ్యాపార సమస్యలను చర్చిస్తే, అందరూ ఒకే పరిష్కారం దగ్గరికి చేరుకుంటారన్నది ఆచార్యుల ఫిర్యాదు. అందుకే ఇంటర్వ్యూకు పిలిచే జాబితా తయారుచేసేటప్పుడు క్యాట్ స్కోరుతో పాటు పది, ఇంటర్, డిగ్రీ మార్కులకూ ఉద్యోగానుభవానికీ తూకం వేసి, అనేక ఐఐఎంలు విద్యార్థినులకు లింగ వైవిధ్యం కింద, ఇంజినీరింగేతర పట్టభద్రులకు విద్యా వైవిధ్యం కింద కొన్ని అదనపు మార్కులు కలుపుతున్నాయి. కోజికోడ్ ఐఐఎంలో 2013లో చేరిన బ్యాచ్‌లో విద్యార్థినుల సంఖ్య సగం దాటడం అప్పట్లో దేశవ్యాప్తంగా వార్త అయింది. అహ్మదాబాద్ ఐఐఎం డిగ్రీ విభాగాలను బట్టి అభ్యర్థులను వర్గాలుగా చేసి, ఒక్కో వర్గంలో ముందున్నవారికి పిలుపు పంపే పద్ధతిని పాటిస్తోంది.

ఈ పద్ధతి ఉద్దానానికి అనుకూలించవలసినది. టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో బీకాం, బీఏ, బీఎస్సీ చదివే ఆడపిల్లలకు లింగ వైవిధ్యమూ విద్యా వైవిధ్యమూ ఓబీసీ వాటా కూడా ఒకేసారి వర్తిస్తాయి. అయితే పది, ఇంటర్ మార్కుల తూకం వారిని వెనక్కి లాగుతుంది. వేట సరిగా సాగని ఏడాదో, ఇంట్లో కిడ్నీ జబ్బు బయటపడిన ఏడాదో రాసిన ఇంటర్ పరీక్షలో తగ్గిన మార్కులు ఐదారేళ్ల తర్వాత కూడా జాబితాలో లెక్కకు వస్తాయి. ఉద్దానాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైనప్పటికీ, డయాలిసిస్ రోజుల్లో తోడు వెళ్లే మనిషి ప్రతి ఇంట్లోనూ కావాలి. ఆ బాధ్యత చాలాచోట్ల పడేది చదువుకునే పిల్లల మీదే.

ఇంగ్లిష్ గడప

వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాసే అవకాశం ఉంది. క్యాట్‌ను మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి. అందులోనూ మొదటి భాగం ఇంగ్లిష్ పఠన సామర్థ్యాన్ని పరీక్షించేది. తత్వశాస్త్రం నుంచి పర్యావరణం దాకా ఏ విషయం మీదనైనా ఇచ్చే వ్యాసభాగాలను చదివి, రచయిత ఉద్దేశాన్ని పట్టుకోవాలి. ఒక్కో భాగానికీ కనీస పర్సంటైల్ రావాలన్న నియమం ఉంది కాబట్టి, లెక్కల్లో ఎంత ముందున్నా ఈ భాగంలో వెనుకబడితే పిలుపు రాదు. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. పరీక్ష రాసినవారిలో ఎంత శాతం మంది కన్నా ముందున్నారన్న లెక్క. 80 పర్సంటైల్ వచ్చిందంటే, నూరుమందిలో ఎనభైమంది ఆ అభ్యర్థి వెనుక ఉన్నారని అర్థం. కనీస పర్సంటైల్ వర్గాన్ని బట్టి మారుతుంది. ఏటా ప్రతి ఐఐఎం తన విధానాన్ని ముందుగానే ప్రకటిస్తుంది.

> క్యాట్ ఒక్క చూపులో
>
> ● వ్యవధి 120 నిమిషాలు. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు.
>
> ● భాగాలు: ఇంగ్లిష్ పఠనం, సమాచార విశ్లేషణ – తర్కం, గణితం.
>
> ● సరైన జవాబుకు 3 మార్కులు. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. జవాబును స్వయంగా టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు.
>
> ● 2024లో నమోదు చేసుకున్నవారు సుమారు 3.29 లక్షలు. రాసినవారు సుమారు 2.93 లక్షలు.
>
> ● ఆ ఏడాది రుసుము 2,500 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1,250. ఓబీసీలకు తగ్గింపు లేదు.

విశాఖపట్నం, హైదరాబాద్ నగరాల్లో ఏడాది ముందు నుంచే శిక్షణ తీసుకునేవారితో పోలిస్తే, తీరప్రాంత విద్యార్థికి పరీక్ష ఉందన్న సంగతి తెలిసేదే ఆలస్యంగా. చదువుకున్న పెద్దలు లేని ఇంట్లో ఐఐఎం పేరును ఉచ్చరించేవారే అరుదు. అధ్యాపకుడో, బెంగళూరులో ఉద్యోగం చేసే ఊరి అన్నో చెబితే తప్ప ఆ పిల్లకు ఆ దారి తెలియదు. సెల్‌ఫోన్‌లో ఉచిత పాఠాలు దొరుకుతున్న ఈ రోజుల్లో శిక్షణ కన్నా ఎక్కువ కొరత ఆ ముందుమాట చెప్పే మనిషిదే.

ఇంటర్వ్యూలో జీడిపిక్క విలువ

రాత పరీక్ష దాటినవారిని ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో సొంత ప్రాంతం గురించి ఒకటైనా ఉండడం పరిపాటి. అక్కడ ఉద్దానం విద్యార్థికి ఉన్న బలం నగర విద్యార్థికి ఉండదు, ఆ బలం తనకుందని గుర్తిస్తే. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమ ఒక్కటే ఒక పూర్తి వ్యాపార పాఠం. ఉద్దానంలో పండే పిక్కలు పరిశ్రమల అవసరానికి చాలవు కాబట్టి ఆఫ్రికా దేశాల నుంచి ముడి పిక్కలు వస్తాయి; వాటిని ఉడికించి, కోసి, పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు ఒలిచి, చివరికి పరిమాణాన్ని బట్టి గ్రేడ్లుగా విడదీస్తారు. డబ్ల్యూ-320 అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, దాదాపు 320 నిండు గింజలు తూగే రకం. డబ్ల్యూ-180 అంటే అంతకన్నా చాలా పెద్ద గింజ, ఎక్కువ ధర. ఒలుపులో విరిగిన ప్రతి గింజా గ్రేడు పడిపోయి ధర పోగొట్టుకుంటుంది. అందుకే ఒలుపు పనిచేసే మహిళల వేళ్ల నేర్పు మీదే పరిశ్రమ లాభం ఆధారపడి ఉంటుందని, కూలి లెక్క మాత్రం ఆ నేర్పుకు తగ్గట్టు ఉండదని ఆ ఇంటి పిల్లకు ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు.

సముద్రపు ఒడ్డున జరిగే చేపల వేలంపాటలోనూ అటువంటి పాఠమే ఉంది. వలకూ బోటుకూ ఇంజనుకూ వ్యాపారి ముందుగా అప్పు ఇచ్చి, పట్టిన చేపను తనకే అమ్మాలని షరతు పెడితే, వడ్డీ కనబడకపోయినా అది చేప ధరలోనే కోతగా కలిసిపోతుంది. అప్పునూ అమ్మకాన్నీ కట్టిపడేసే ఈ ఏర్పాటును ఆర్థికశాస్త్ర పుస్తకాలు ముడిపడిన రుణం అంటాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులో వేల ఎకరాల కొబ్బరి, జీడి తోటలు నేలకూలినప్పుడు, మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పట్టే చెట్టుకు ఒక పంట నష్టం లెక్కన పరిహారం ఎలా సరిపోతుందన్న ప్రశ్నను ఇక్కడి రైతులు వేశారు. నష్టభయాన్ని ఎలా అంచనా వేయాలన్నదే బిజినెస్ స్కూళ్లలో రెండేళ్ల పాటు నేర్పే విషయాల్లో ముఖ్యమైనది. వైవిధ్యం వల్ల తరగతికి ఒనగూరే లాభం ఏమిటన్నదానికి ఇంతకన్నా సూటి సమాధానం ఉండదు: ఆ విద్యార్థి గదిలో ఉంటే ఈ ప్రశ్నలు గదిలోకి వస్తాయి.

ఏప్రిల్, మే నెలల డబ్బు

పేరున్న పాత ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు పాతిక లక్షల రూపాయలు దాటింది. కొత్తవాటిలో అంతకన్నా తక్కువైనా, మత్స్యకార కుటుంబానికి అది ఊహకందని మొత్తమే. సీటు కేటాయించిన కొద్ది రోజుల్లో అంగీకార రుసుము కట్టకపోతే సీటు తర్వాతివారికి పోతుంది. ఆ రోజులు వేట నిషేధంలో పడతాయి. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచి, 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా పంపిణీ మొదలుపెట్టారు. ఆ మొత్తం ఇల్లు గడవడానికే గాని, సీటు నిలబెట్టుకోవడానికి చాలదు.

సాయం లేదని కాదు. ఐఐఎంల వంటి ఉన్నత సంస్థల్లో చేరిన ఎస్సీ విద్యార్థులకు కేంద్రం అమలుచేసే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది; దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. గిరిజన విద్యార్థులకు అటువంటి పథకాన్నే గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ నడుపుతోంది. ఓబీసీలకు పీఎం-యశస్వి కింద ఇదే తరహా స్కాలర్‌షిప్ ఉన్నా, ఆదాయ పరిమితి రెండున్నర లక్షలే. ఎనిమిది లక్షల ఆదాయం దాకా రిజర్వేషన్‌కు అర్హత ఉండి, రెండున్నర లక్షలు దాటగానే స్కాలర్‌షిప్‌కు అర్హత పోవడంతో, ఆ మధ్యలో పడే చిరుద్యోగుల, చిన్న వ్యాపారుల కుటుంబాలకు అప్పే దిక్కు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మి పథకం నాణ్యమైన సంస్థలుగా గుర్తించిన విద్యాసంస్థల్లో (ఆరంభంలో 860) చేరినవారికి హామీదారు, ఆస్తి తనఖా లేకుండానే రుణం ఇప్పిస్తుంది. ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ సాయాల్లో అధిక భాగం చేరిన తర్వాత అందేవే. చేరడానికి ముందు కట్టవలసిన మొదటి వాయిదాకు ఇవి సాధారణంగా అక్కరకు రావు. అందుకే ఆ మొత్తానికి బంగారం కుదువ పెట్టడమో, చేపల వ్యాపారి దగ్గర ఇంకో అప్పు చేయడమో జరుగుతోంది.

> అమెరికాలో ఈ దారి ఎలా నడిచింది
>
> ● 1966లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు స్టెర్లింగ్ షోన్ చొరవతో, మేనేజ్‌మెంట్ ఉన్నత విద్య కోసం విశ్వవిద్యాలయాల కన్సార్టియం ఏర్పడింది. మొదట చేరినవి వాషింగ్టన్, ఇండియానా, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాలు.
>
> ● నల్లజాతి యువకులకు ఎంబీఏ సీటూ ఫెలోషిప్పూ కలిపి ఇవ్వడం దాని తొలి లక్ష్యం. తర్వాత మహిళలకు, హిస్పానిక్, ఆదివాసీ వర్గాలకు విస్తరించింది.
>
> ● ఒకే దరఖాస్తుతో ఆరు సభ్య విద్యాసంస్థల దాకా ఎంచుకోవచ్చు. ఇప్పుడు సభ్యసంస్థలు ఇరవైకి పైగా ఉన్నాయి.
>
> ● అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు దీనికి అర్హులు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు, సంస్థ ఆశయానికి నిబద్ధత చూపితే, దరఖాస్తు చేయవచ్చు. విద్యార్థి వీసాపై వెళ్లేవారికి వీలు లేదు.
>
> ● ప్రవేశాల్లో జాతిని నేరుగా లెక్కలోకి తీసుకోవడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్ 29న తీర్పు చెప్పింది. జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకోవడానికి మాత్రం వీలుంచింది.

అమెరికాలో దరఖాస్తుదారు తన జీవితాన్ని వ్యాసంగా రాసి ఒప్పించాలి. ఇక్కడ తహసీల్దారు సంతకంతో నిరూపించాలి. అక్కడి పద్ధతిలో మాట నేర్పున్నవారికి, ఇక్కడి పద్ధతిలో కాగితం మర్మం తెలిసినవారికి మొగ్గు ఉంటుంది. అక్కడి కన్సార్టియం నుంచి ఇక్కడ నేర్చుకోదగిన అంశం ఒకటుంది: సీటును, ఆర్థిక సాయాన్ని ఒకే దరఖాస్తులో కలపడం. ఫీజు సంగతి తేలకుండా సీటు సంగతి తేల్చమనడం ఆ పద్ధతిలో ఉండదు.

ఇంటికి దగ్గరి బాటలు

ఐఐఎం ఒక్కటే గమ్యం కానక్కరలేదు. రాష్ట్రంలోని ఎంబీఏ సీట్లకు ఐసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశం లభిస్తుంది. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, 1957లోనే ఎంబీఏ ప్రారంభించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. వీటిలో తరగతులవారీ రిజర్వేషన్ ఉండడంతో తీరప్రాంత విద్యార్థులకు సీటు దొరికే అవకాశం మెరుగు. అయితే వీటి నుంచి వచ్చే ఉద్యోగాల జీతాలకూ ఐఐఎంల జీతాలకూ మధ్య ఉన్న అంతరం పెద్దది. హైదరాబాద్‌లో 2001లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రైవేటు సంస్థ కాబట్టి రిజర్వేషన్ చట్టం దానికి వర్తించదు. ఉద్యోగానుభవం, జీమ్యాట్ వంటి ప్రవేశ పరీక్ష స్కోరు, వ్యాసాల ఆధారంగా ప్రవేశాలిస్తూ, ఎంపికలో వైవిధ్యానికి తన సొంత కొలమానాలు పాటిస్తుంది. తీరం నుంచి అక్కడి ప్రధాన కోర్సుకు వెళ్లేవారు ముందుగా కొన్నేళ్లు ఉద్యోగం చేసి ఉండాలి.

చేయదగినవి

అడ్డంకులు తెలిశాక, వాటిలో చాలావరకు చట్టం మార్చకుండానే తొలగించవచ్చని అర్థమవుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలోకి వచ్చిన ప్రతి బీసీ విద్యార్థికీ జూన్, జులై నెలల్లోనే, వలస వెళ్లే తండ్రులు ఇంకా ఊళ్లో ఉండగానే, కేంద్ర నమూనా ఓబీసీ పత్రం ఇప్పించే ఏర్పాటును గ్రామ సచివాలయాలు చేయగలవు. క్యాట్ రుసుములో ఎస్సీ, ఎస్టీలకు ఉన్న తగ్గింపును రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఓబీసీలకూ ఇవ్వడం ఐఐఎంల చేతిలో ఉన్న పని. స్కాలర్‌షిప్‌కు అర్హుడని ముందే తేలిన విద్యార్థి కట్టవలసిన మొదటి వాయిదా గడువును స్కాలర్‌షిప్ అందేదాకా పొడిగించడం కూడా అంతే. విశాఖపట్నం ఐఐఎం విద్యార్థులు, అధ్యాపకులు ఏడాదికి ఒకసారి టెక్కలి, ఇచ్ఛాపురం కళాశాలలకు వచ్చి ఒక పూట మాట్లాడితే, పరీక్ష పేరు తెలియని ఇబ్బంది అక్కడితో తీరుతుంది.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది లెక్క చెప్పడం. ప్రతి జూన్‌లోనూ ఐఐఎంలు కొత్త బ్యాచ్ వివరాలు ప్రకటించేటప్పుడు విద్యార్థినుల శాతాన్నీ, ఇంజినీరింగ్ చదవనివారి శాతాన్నీ సగర్వంగా చెబుతాయి. కుటుంబంలో మొదటి తరం పట్టభద్రులు ఎందరు, ప్రభుత్వ కళాశాలల్లో చదివినవారు ఎందరు, 27 శాతంలో ఏ కులాలకు ఎన్ని సీట్లు దక్కాయి అన్న వివరాలు ఆ ప్రకటనల్లో కనిపించవు. రోహిణి కమిషన్ ఒకసారి లెక్క తీస్తేనే 983 కులాల పేరు మీద సున్నా ఉందని దేశానికి తెలిసింది. ఆ లెక్కను ఏటా, సంస్థలవారీగా ప్రకటించే నియమం పెడితే, డొంకూరు వంటి ఊళ్లు తమకు రావలసినదెంతో, వచ్చినదెంతో అంకెలతో అడగగలుగుతాయి. అడిగేవారు ఉన్నచోటే వాటా చేతికి అందుతుంది.